నేను కొని వదిలిన చిలుకలు

మా అమ్మ తద్దినం అన్నయ్య పెడతాడు. పిండాలు, దానాలు, వంటలు అన్నీ వాళ్ళింట్లోనే. కూతురిగా వెళ్ళి భోజనం చేసి రావడం తప్ప అందులో నా వంతుకేమీ ఉండేది కాదు. అందుకని ఆ తిథికి నాకంటూ ఒక పని పెట్టుకున్నాను. హైదరాబాదులో ఒక పిట్టల బజారుకు వెళ్ళి, చిలుకలను కొని తెచ్చి, మా డాబా మీద నుంచి వదిలేదాన్ని. ఒకప్పుడు అమ్మ ఒక రామచిలుకను పంజరంలో పెంచింది. చివరి రోజుల్లో మంచాన ఉండగా, "దాన్ని వదిలేయాల్సింది అమ్మాయ్" అంది. ఆ మాట నాలో ఉండిపోయింది. ఉద్యోగం నుంచి రిటైరయ్యే దాకా, అయ్యాక కూడా, ఏడాదికోసారి ఆ బజారుకు వెళ్తూనే ఉన్నాను.

పంజరం తలుపు తీయగానే కొన్ని ఎగిరిపోయేవి. కొన్ని పిట్టగోడ మీదే కూర్చుని అటూ ఇటూ చూసేవి. బెదిరి ఉంటాయి, కాసేపటికి తేరుకుంటాయి అనుకునేదాన్ని. ఎగిరిన వాటిని ఎదురింటి వేపచెట్టు దాటే దాకా చూసి, కళ్ళు తుడుచుకుని కిందికి దిగిపోయేదాన్ని. ఆ తర్వాత వాటికి ఏమైందో ఏ ఏడూ వెతకలేదు. ఫోటోలు మాత్రం చుట్టాలకు పంపేదాన్ని. అందరూ మెచ్చుకున్నారు. చూసి చూసి మా కాలనీలో వాళ్ళూ మొదలుపెట్టారు. ఒకరు గృహప్రవేశానికి, ఇంకొకరు మనవడి పుట్టినరోజుకు. ఏ బజారు, ఏ కొట్టు, ఎంతకు అడగాలి అని నన్నే అడిగేవారు. అన్నీ విడమరిచి చెప్పేదాన్ని.

ఒక ఏడు కొట్టతను మామూలు చిలుకలు కాక లోపలి గదిలోంచి "పహాడీ"ని తెచ్చి చూపించాడు. పిట్టల వ్యాపారంలో దాని పేరు అదే. రామచిలుకకు రెట్టింపు ఒళ్ళు, రెక్కల మొదట్లో ముదురు ఎర్ర మచ్చ, నా బొటనవేలంత లావు ముక్కు. ధర కూడా చాలా ఎక్కువే చెప్పాడు. పెద్ద పిట్టను విడిపిస్తే అమ్మకు ఇంకా తృప్తి కలుగుతుందనిపించింది. బేరం కూడా ఆడకుండా కొన్నాను.

ఆ రోజు నా చేతుల్లో ఉన్నదేమిటో చాలా కాలం తర్వాత తెలుసుకున్నాను. దాన్ని తెలుగులో పెద్ద చిలుక అంటారు. అలెగ్జాండర్ సైనికులు ఈ చిలుకలను మన దేశం నుంచి పడమటి దేశాలకు తీసుకెళ్ళారని చెప్పే కథ వల్ల ఇంగ్లీషు వాళ్ళు దానికి ఆయన పేరు పెట్టుకున్నారు. 1766లో లిన్నేయస్ శాస్త్రీయ నామం ఇచ్చేటప్పుడు దాన్ని యూపాట్రియా అన్నాడు. తోకతో కలిపి రెండడుగులకు కాస్త తక్కువ పొడవు. అందులో సగం వరకూ తోకే. బరువు 200 నుంచి 300 గ్రాములు. అఫ్ఘానిస్తాన్ తూర్పు కొస నుంచి పాకిస్తాన్, మన దేశం, శ్రీలంక, బర్మా మీదుగా వియత్నాం దాకా దాని ఇల్లు. అండమాన్ దీవుల్లో ఇంకా పెద్ద ముక్కు ఉన్న ఉపజాతి ఒకటుంది. మన వైపు తూర్పు కనుమల అడవుల్లో అక్కడక్కడా కనిపిస్తుంది.

ఊళ్ళలో మనం రోజూ చూసే రామచిలుక వేరు. 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా ప్రకటించింది దాన్ని. అది జొన్నచేలల్లో, జామతోటల్లో, కరెంటు తీగల మీద, పాత కోటగోడల కంతల్లో ఎక్కడైనా నెట్టుకొస్తుంది. పెద్ద చిలుకకు అంత సర్దుబాటు చేతకాదు. దానికి లావుపాటి పాత చెట్లు కావాలి. అంత ఒళ్ళు పట్టే తొర్ర చిన్న చెట్టులో ఉండదు. ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంఘం దాన్ని ముప్పుకు దగ్గరైన జాతుల్లో చేర్చడానికి ముఖ్య కారణాలు రెండు. అడవులు తరగడం ఒకటి, పంజరం కోసం పట్టుకోవడం రెండోది. నేను ఆ రెండో కారణంలో భాగస్వామిని.

ఆ తొర్ర గురించి కాస్త వివరంగా చెప్పాలి. చలికాలం మొదలైనప్పటి నుంచి ఎండలు ముదిరేలోపు ఈ చిలుకలు గూడు కడతాయి. కడతాయనడం కూడా సరి కాదు, పుల్ల తెచ్చి పుల్ల పేర్చే పక్షులు కావవి. వడ్రంగిపిట్టో మరొకటో తొలిచి వదిలేసిన రంధ్రాన్నో, కొమ్మ విరిగిన చోట లోపల కుళ్ళి ఏర్పడిన బోలునో చూసుకుని, ముక్కుతో అంచులు కొరికి, తనకు పట్టేంత పెద్దది చేసుకుంటాయి. లోపలి చెక్కపొడి మీదే గుడ్లు పెడతాయి. రెండు నుంచి నాలుగు. దాదాపు 24 రోజులు పొదగాలి. పిల్ల బయటికి వచ్చేటప్పుడు ఒంటి మీద ఈక ఉండదు, కళ్ళు తెరుచుకుని ఉండవు. ఏడు వారాలు ఆ చీకట్లోనే పెరుగుతుంది. బయటికి ఎగిరాక కూడా తల్లిదండ్రుల వెంటే తిరుగుతుంది. ఏ చెట్టు ఎప్పుడు కాస్తుంది, మోదుగ పూసిన కొండ ఏ వైపు ఉంది, గద్ద నీడ పడితే ఎటు మళ్ళాలి, సాయంత్రం ఏ చెట్ల గుంపులో అందరితో కలిసి తల దాచుకోవాలి, ఇవన్నీ అప్పుడే నేర్చుకుంటుంది. మగపిల్ల మెడకు నల్ల గీత, గులాబీ పట్టీ రావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. నేను కొన్నదాని మెడ బోసిగా ఉంది. ఆడదేమో అనుకున్నాను. పిల్ల కూడా అయి ఉండవచ్చని తట్టలేదు.

మా మరిది స్నేహితుల్లో అటవీ శాఖలో బీట్ ఆఫీసరుగా చేసి రిటైరైన ఒకాయన ఉన్నారు. పిల్లలను ఎలా తీస్తారో ఆయనే వివరంగా చెప్పారు. ఏ చెట్టు తొర్రలో ఏ జంట ఉందో పట్టేవాళ్ళకు ముందే తెలుసు, ఎందుకంటే ఈ చిలుకలు బాగున్న తొర్రను ఏటా వదలవు. ఆ నమ్మకమే వాటికి చేటు. తల్లి మేత తెచ్చే వేళలు గమనిస్తారు. తాడు వేసి ఎక్కుతారు. చెయ్యి అందితే పిల్లలను తీసుకుంటారు. అందకపోతే గొడ్డలితో తొర్ర కింద నరికి కంత చేస్తారు. ఎక్కడం కుదరని చెట్టయితే చెట్టునే పడగొట్టిన సందర్భాలూ ఆయన చూశారు. "పిల్లల్ని తీసుకుపోతే ఒక ఏడాది నష్టమమ్మా. తల్లీతండ్రీ మళ్ళీ పెడతాయి. తొర్ర చీల్చేస్తే మాత్రం ఆ జంటకు ఇల్లే లేదు. అంత తొర్ర పడాలంటే చెట్టు ఎన్ని దశాబ్దాలు బతకాలి?" అన్నారు. వర్షం లోపలికి దిగే తొర్రలో గుడ్డు నిలవదు. వెలుతురు పడే తొర్రకు ఏ చిలుకా రాదు. ఉన్న కాసిన్ని తొర్రల కోసం గోరింకలు, గుడ్లగూబలు, ఉడతలు, ఉడుములు అన్నీ పోటీ పడుతుంటాయి.

గూట్లోంచి తీసిన పిల్లలను బుట్టల్లో, చిల్లులు పొడిచిన అట్టపెట్టెల్లో కుక్కి బస్సుల్లో, రైళ్ళలో పంపుతారు. వాటికి రెండు మూడు గంటలకోసారి మెత్తటి తిండి గొంతులో పడాలి. దారిలో పెట్టేదెవరు? బజారుకు చేరిన ప్రతి పిల్ల వెనకా చేరకుండా పోయినవి ఉంటాయి. నేను పంజరం దగ్గర నిలబడి చూసేది బతికి చేరినవాటిని మాత్రమే.

ఇదంతా వినక ముందే ఆ కొట్టతనే నాకు అసలు మాట చెప్పాడు. ఏ దురుద్దేశమూ లేకుండా, పాత గిరాకీతో మాట్లాడే చనువుతో చెప్పాడు. ఆ ఏడు పంజరాలు కిక్కిరిసి ఉన్నాయి. ఇన్ని ఎందుకు తెప్పించావు బాబూ అని అడిగాను.

"పెంచుకునేటోళ్ళు ఒక్కటి కొంటరమ్మా. అది చచ్చేదాక మళ్ళ రారు. మీ అసొంటోళ్ళు ఏటేటా వస్తరు, నాలుగైదు తీస్కపోతరు. మీ పండుగలు, తిథులు లెక్కవెట్టుకొనే ముందుగాల చెప్పి తెప్పిస్త" అన్నాడు.

ఇంటికి ఎలా వచ్చానో గుర్తు లేదు. నేను విడిపిస్తున్నాననుకున్న చిలుకలు నా కోసం పట్టి తెచ్చినవి. నేను బజారుకు వెళ్ళకపోయి ఉంటే వాటిలో చాలా వరకు తొర్రలోంచి తమంతట తామే ఎగిరి ఉండేవి. ఇంట్లో పంజరం వేలాడదీసుకున్నవాళ్ళను చూసి నేను ఎంతో బాధపడేదాన్ని. ఈ వ్యాపారానికి నాకన్నా వాళ్ళే తక్కువ డబ్బు ఇచ్చారు.

ఇది నా ఒక్కదాని భ్రమ కాదు. థాయిలాండ్, కంబోడియాల్లో బౌద్ధాలయాల ముందు పక్షులను పట్టి తెచ్చి, భక్తులకు అమ్మి, వదిలిస్తారు. మన తెలంగాణలో దసరాకు పాలపిట్టను చూడడం శుభం. చేలగట్టుకో చెరువుగట్టుకో వెళ్ళి, ఎగిరేదాన్ని చూసి దండం పెట్టుకోవడం పెద్దల ఆచారం. ఇప్పుడు కాళ్ళకు తాడు కట్టి, రెక్కలు ముడిచి, పంజరంలో పెట్టి, డబ్బు తీసుకుని చూపిస్తున్నారు. పండుగ పూట అటవీ సిబ్బంది, పక్షి ప్రేమికులు వాటిని విడిపించడానికి తిరుగుతుంటారు. భక్తి ఎంత నిజమైనదైనా సరే, దాని కోసం డబ్బు చేతులు మారిన చోట ఒక వల పడుతోంది.

ఇక నేను వదిలినవాటి సంగతి. కొట్టతని మాట విన్నాక మొదటిసారి వెతకడం మొదలుపెట్టాను. పక్క వీధిలో ఒకావిడ, తన వంటింటి కిటికీ దగ్గరికి ఒక చిలుక వచ్చి, మనిషి గొంతుతో అన్నం అడిగిందని, మర్నాడు పిల్లి నోట కరుచుకుపోయిందని చెప్పింది. ఆవిడ చెప్పిన రోజులు నేను వదిలిన తిథికి సరిపోయాయి. పెద్ద చిలుక ఏమైందో తెలీదు. అది మా డాబా నుంచి ఎగరలేదు, కిందికి జారినట్టు వాలింది, అంతవరకే గుర్తుంది.

పక్షులకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి వెళ్ళి ఎందుకిలా అని అడిగాను. ఆయన ఓపికగా చెప్పారు. అమ్మకానికి పెట్టేవాటి రెక్కల్లో పెద్ద ఈకలు కత్తిరించేస్తారు. పీకిన ఈక కొన్ని వారాల్లో మళ్ళీ మొలుస్తుంది. కత్తిరించిన ఈక మాత్రం ఈకలు రాలే కాలం వచ్చే దాకా అలాగే మొండిగా ఉంటుంది. అందుకే కత్తిరిస్తారు. పైగా గూట్లోంచి తీసిన పిల్లకు నానబెట్టిన శనగలూ అన్నమూ పెట్టి పెంచితే ఎముకల్లో బలం ఉండదు, ఛాతీ కండరాలు పెరగవు. పచ్చిమిర్చి పెడితే చాలు అనుకుంటారు జనం. పక్షులకు మిరప ఘాటు తెలీదు కాబట్టి తింటాయి, అంతమాత్రాన అది వాటికి పూర్తి ఆహారం కాదు. పిల్లప్పుడే మనుషుల చేతుల్లో పడిన చిలుక మనిషినే తన గుంపు అనుకుంటుంది, ఆకలేస్తే చెట్టు వెతకదు, ఇల్లు వెతుకుతుంది. ఇంకొక సంగతి విన్నప్పుడు ఒళ్ళు జలదరించింది. కిక్కిరిసిన పంజరాల్లో ఒకదాని నుంచి మరొకదానికి రోగాలు పాకుతాయి. చిలుకల ముక్కునూ ఈకలనూ తినేసే వైరస్ జబ్బు ఒకటుంది. అలాంటి దానితో ఉన్న పక్షిని వదిలితే బయట హాయిగా బతుకుతున్న గుంపుకు అంటించినట్టే.

మా అక్క కూతురు జర్మనీలో వీస్‌బాడెన్‌లో ఉంటుంది. నేను ఇలా కుములుతున్నానని విని, అక్కడి పార్కులో తీసిన ఫోటో పంపింది. మంచు పడుతున్న చెట్టు మీద పెద్ద చిలుకలు, భుజాన ఎర్ర మచ్చతో సహా. "చూడు పిన్నీ, ఇవన్నీ పంజరాల నుంచి తప్పించుకున్నవాటి సంతానమేనట. నువ్వు వదిలినవీ ఎక్కడో బతికే ఉంటాయి" అని రాసింది. ఒక పూట ఆ మాట పట్టుకుని ఊరట పడ్డాను. ఆ తర్వాత ఆలోచించాను. అది నిజమే, ఐరోపా నగరాల్లో రామచిలుకలు వేలాదిగా ఉన్నాయి, పెద్ద చిలుకలు కూడా కొన్ని చోట్ల స్థిరపడ్డాయి. కానీ ఏళ్ళ తరబడి తప్పించుకున్నవాటిలో ఎగరగలిగినవి, జత దొరికినవి, పాత చెట్ల తొర్రలున్న పార్కు చేరినవి నిలబడ్డాయి. పోయినవాటి ఫోటో ఎవరూ తీయరు. పరాయి దేశపు పార్కులో వంద చిలుకలు ఉన్నంత మాత్రాన పాకిస్తాన్ పంజాబ్‌లోనో బంగ్లాదేశ్‌లోనో తరిగిపోయిన చిలుకలు తిరిగి రావు. ఆ పిల్ల ప్రేమతో పంపిన ఫోటోను నా తప్పుకు అడ్డం పెట్టుకోలేకపోయాను.

చట్టం సంగతి కూడా అప్పట్లో నాకు తెలీదు. నడిబజారులో అమ్ముతున్నారు కాబట్టి తప్పు కాదనుకున్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. 1990–91 నుంచి మన దేశపు అడవి పక్షుల వ్యాపారం మీద పూర్తి నిషేధం ఉంది. పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం అన్నీ నేరాలే. లవ్‌బర్డ్స్, బడ్జీలు పరాయి దేశాలవి, పంజరాల్లోనే తరతరాలుగా పెరిగినవి, వాటి సంగతి వేరు. మన పక్షులనూ వాటినీ పక్కపక్కనే వేలాడదీసి అమ్మడంతో కొనేవాళ్ళకు తేడా తెలియదు. మన దేశంలో ఉన్న 12 చిలుక జాతుల్లో ఎనిమిది ఇప్పటికీ ఈ దొంగ వ్యాపారంలో తరచుగా కనిపిస్తున్నాయని వన్యప్రాణుల వ్యాపారాన్ని గమనించే ట్రాఫిక్ సంస్థ చెబుతోంది. కొన్న నా చేతిలోనూ నేరం ఉంది. వదిలేస్తున్నాను కదా అన్న మాట చట్టం ముందు చెల్లదు. అడవి ముందు అసలే చెల్లదు.

ఇంకొకటి చెప్పకుండా దాటేయలేను, ఎక్కువ బాధ పెట్టేది అదే. మా కాలనీ పార్కులో పాత నిద్రగన్నేరు చెట్టు ఉండేది. సగం ఎండిపోయింది, మొదట్లో, కొమ్మల్లో తొర్రలు. వానాకాలంలో కొమ్మలు విరిగి కార్ల మీద పడుతున్నాయని గొడవ. ఆ ఏడాది సంఘానికి కార్యదర్శిని నేనే. చెట్టు తీసేయమని అర్జీ రాసి అందరి చేతా సంతకాలు పెట్టించాను. మొదటి సంతకం నాదే. ఫిబ్రవరిలో వచ్చి నరికారు. రామచిలుకలు గుడ్లు పొదిగి పిల్లలను సాకే కాలం అది. ఆ తొర్రల్లో ఏటా అవి పెడుతున్నాయని అక్కడ ఆడుకునే పిల్లలందరికీ తెలుసు. రంపం ఆగిన వేళ చిలుకలు గుంపుగా ఆ చోటు చుట్టూ కేకలు వేస్తూ తిరిగాయి. ఆ సాయంత్రం కూడా నాకు అర్థం కాలేదు, గోలగా ఉందని కిటికీలు మూసుకున్నాను. తొర్రల్లోంచి పడిన పిల్లలను పెంచుకుంటామని పనివాళ్ళు పట్టుకుపోయారట. కొన్ని వారాలు గడవగానే అమ్మ తిథి వచ్చింది. బజారుకు వెళ్ళి చిలుకలు కొన్నాను.

చెట్టు ప్రమాదమే, కాదనను. కానీ ఎండిన పొడవు కొమ్మలు తీసేసి, బోలుగా ఉన్న మొదలును అలాగే నిలువునా ఉంచేసి ఉంటే కార్లకూ భయం లేదు, చిలుకలకూ ఇల్లు మిగిలేది. నరకక తప్పదంటే వానలు మొదలయ్యాక, పిల్లలు ఎగిరిపోయాక నరకవచ్చు. ఈ రెండు మాటలు చెప్పేవాళ్ళు ఆ రోజు మా సంఘంలో ఎవరూ లేరు. ఇప్పుడు నేను చెబుతున్నాను. పక్క కాలనీలో ఒక ఎండు రావిని అలాగే మోడుగా ఉంచారు. కాలనీలో నన్ను చూసి చిలుకలు వదిలినవాళ్ళ ఇళ్ళకు ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి, నేను చెప్పిన దారి తప్పని చెప్పి వచ్చాను. ఇద్దరు విన్నారు. ఒకాయన, పుణ్యకార్యానికి అడ్డు చెప్పకండి అని ముఖం మీదే అన్నారు. ఆయన్ను తప్పు పట్టలేను. ఆయనకు ఆ పుణ్యం నేర్పింది నేనే.

ఈ ఫిబ్రవరిలో విజయవాడ నుంచి మా బాబాయి కూతురు ఫోన్ చేసింది. మార్చిలో వాళ్ళాయన షష్టిపూర్తి. "నువ్వు చేసేదానివి కదక్కా, అలాగే మేమూ అరవై చిలుకలు వదులుదామనుకున్నాం. ఒకతనికి అడ్వాన్సు కూడా ఇచ్చేశారు" అంది సంతోషంగా. నాకు నోట మాట రాలేదు. తేరుకుని అంతా చెప్పాను. చాలాసేపు విని, అడగాల్సిన ప్రశ్నే అడిగింది.

"అడ్వాన్సు పోతే పోయిందిలే. మనం వద్దంటే మరి ఆ అరవై ఏమవుతాయక్కా? పంజరాల్లోనే ఉంటాయి కదా పాపం."

ఇప్పటికే పట్టి ఉంచినవైతే అటవీ శాఖ వాళ్ళకు చెప్పాలని, వాళ్ళు తీసుకెళ్ళి, ఎగరగలిగే వాటిని గుంపుగా పెద్ద గదుల్లో ఉంచి, రోగం లేదని చూసుకుని నెమ్మదిగా వదులుతారని, కొన్ని ఎప్పటికీ ఎగరలేవని, వాటిని జీవితాంతం సాకాల్సిందేనని చెప్పాను. అన్నీ బతుకుతాయని మాట ఇవ్వలేనన్నాను. ముందు ఒకటి కనుక్కో, అతని దగ్గర చిలుకలు ఉన్నాయా, ఇంకా తేవాలా?

లోపలికి వెళ్ళి వాళ్ళాయన్ను అడిగి వచ్చింది. ఇంకా రాలేదట. పిల్లలకు ఈకలు రాలేదు, రెండు వారాలు పడుతుంది, వేళకు అందిస్తాను అన్నాడట.

"అంటే ఇంకా చెట్ల మీదే ఉన్నాయి. ఈ రాత్రికే వద్దని చెప్పించు" అన్నాను.

"రేపు ఆయనతో నిదానంగా మాట్లాడతానక్కా, కార్డుల్లో కూడా వేయించారు."

రేపు కాదన్నాను. ఫోన్ ఆయనకే ఇవ్వమన్నాను.